లిఫ్టక్క కొన్న ఫోను

లిఫ్టు పెట్టె నెత్తిమీద గొంతుకూర్చుని, ఏడో అంతస్తు తలుపు రోలర్లకు గ్రీజు పెడుతున్నప్పుడు ఆమె జేబులో ఫోను వణికింది. తీసి చూస్తే చెల్లెలు. తొడుగు వేసుకున్న వేలితో తెర మీద ఒకసారి రాసింది, రెండుసార్లు రాసింది. ఫోను పట్టించుకోలేదు. తొడుగు కొసను పళ్లతో పట్టి లాగుతుండగా, గ్రీజు అంటిన రెండో చేతిలోంచి అది చేపపిల్లలా జారింది. పెట్టెకూ గోడకూ మధ్య ఉన్నది బెత్తెడు సందు. సరిగ్గా ఆ సందు చూసుకునే పోయింది. అడుగున గుంతలో పడ్డ చప్పుడు పైకి వినపడటానికి రెండు క్షణాలు పట్టింది.

"పడిందా?" అని పై నుంచి, మెషిను గదిలో ఉన్న తోటి మెకానిక్కు కేకేశాడు.

"పడింది."

"నువ్వు కాదు కదా?"

"నేనే పడితే నీకు జవాబెవరు చెప్తారు?"

పద్దెనిమిదేళ్లుగా ఆమెది ఇదే పని. ఆ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో లిఫ్టు ఆగిందంటే "లిఫ్టక్కకు ఫోన్ చేయండి" అనేవాళ్లు. ఆమెకన్నా ఇరవై ఏళ్లు పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలిచేవాళ్లు. మొదట్లో వయసు తెలియక పిలుస్తున్నారనుకుంది. తర్వాత అదే పేరైపోయింది. స్కూలు బస్సు నడిపే భర్త కూడా సరదా పుట్టినప్పుడు "లిఫ్టక్కగారూ, నీళ్లివ్వండి" అనేవాడు.

ఫోను పోయినందుకు ఆమెకు పెద్ద దిగులేమీ కలగలేదు. వస్తువన్నాక పాడవుతుంది, పాడైతే బాగుచేస్తాం, బాగవకపోతే మారుస్తాం. రోజూ ఆమె చేసేది అదే. ఒంటి మీది మిగతా పనిముట్లన్నిటికీ నడుముపట్టీకి కట్టిన తాడు ఉంది. స్పానరు జారినా నడుము దగ్గరే వేలాడుతుంది. తాడు లేకుండా పైకెక్కింది ఫోనొక్కటే. పోయిందీ అదొక్కటే. ఇందులో ఫోను తప్పేమీ లేదనిపించింది.

సాయంత్రం ఆ ముక్కల్ని గుడ్డలో మూటకట్టి రిపేరు దుకాణానికి తీసుకెళ్లింది. రెండు దుకాణాల మధ్య ఇరుక్కున్న బల్లంత చోటు అది. కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చునే అతన్ని అందరూ రిపేరు బాబాయి అంటారు. ఆయన మూట విప్పి చూసి, మళ్లీ మెల్లగా ముడేశాడు.

"దీనికి వైద్యం లేదమ్మా. ఎక్కణ్ణుంచి పడింది?"

"ఏడో అంతస్తు."

"పాపం, చాలా ప్రయాణం చేసింది."

"సరే బాబాయ్, కొత్తది కొనాలి. ఏది కొనమంటావు?"

"నేను అమ్మను కదమ్మా, నన్నడుగుతావేంటి?"

"అమ్మవు కాబట్టే అడుగుతున్నా."

ఆయన భూతద్దం పైకెత్తి నవ్వాడు. "అమ్మేవాణ్ణి అడిగితే గుణాలు చెప్తాడు, బాగుచేసేవాణ్ణి అడిగితే రోగాలు చెప్తాడు. రోగాలు వింటావా?" అని, సొరుగు లాగి చూపించాడు. అంచులు వంపు తిరిగిన తెరలు గుట్టగా ఉన్నాయి. "చూడు, అందంగా వంచుతారు. కింద పడితే ముందు తగిలేది ఆ వంపే. వీటి తెరలు తెప్పించాలంటే మూడు వారాలు. ఇదిగో, ఈ బల్లపరుపు తెరలైతే నా దగ్గరే ఉంటాయి, గంటలో వేసిస్తా. మూలన తాడు కట్టుకునే కన్నం ఉన్న ఫోన్లు కూడా ఉన్నాయి, కట్టడాల పనివాళ్లు కొంటారు. అవి నా దగ్గరికి తక్కువొస్తాయి. అందుకే నాకవంటే గిట్టదు." చివరి మాట అంటూ కన్నుగీటాడు.

కంపెనీ నిబంధన ప్రకారం మెకానిక్కు చేతిలో ఎప్పుడూ ఫోను ఉండాలి. ఎక్కడ ఎవరు ఇరుక్కున్నా నిమిషాల మీద కబురందాలి. సూపర్‌వైజరు బీరువాలోంచి పాత బటన్ల ఫోనొకటి తీసి ఇచ్చాడు. అది మోగితే మూడంతస్తుల అవతలికి వినబడేది. తొడుగు వేలితోనే బటన్లు నొక్కొచ్చు. చార్జింగు అడగనే అడగదు. రెండు రోజులు వాడేసరికి లిఫ్టక్కకు దాని మీద మనసైంది. ఇంక కొనడమెందుకు, ఇదే చాలు కదా అనుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం చెల్లెలే వచ్చేసింది. పని జరుగుతున్న అపార్ట్‌మెంటు గేటు దగ్గర, కళ్లజోళ్ల వర్క్‌షాపు ఆప్రాన్‌తోనే, నడుం మీద రెండు చేతులూ వేసుకుని నిలబడి ఉంది. ఆ అమ్మాయికి పుట్టుకతోనే వినికిడి లేదు. అక్కాచెల్లెళ్ల మాటలన్నీ చేతులతోనే. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే మంచం మీద పడుకుని, కిటికీలోంచి పడే వీధిదీపం వెలుతుర్లో కబుర్లాడుకున్నవాళ్లు. ఇప్పుడు ఊరికి ఇద్దరూ చెరో కొసనా కాపురాలు పెట్టారు. రోజూ మధ్యాహ్నం భోజనాల వేళ వీడియో కాల్‌లో పది నిమిషాలు మాట్లాడుకోనిదే ఇద్దరికీ ముద్ద దిగదు.

"నీ ఫోనుకు చెవుడొచ్చిందా?" అని చెల్లెలి చేతులు అడిగాయి.

లిఫ్టక్కకు నవ్వాగలేదు. వాచ్‌మన్ ఎందుకు నవ్వుతోందో తెలియక తనూ నవ్వాడు.

ఇద్దరూ మెట్ల మీద కూర్చుని డబ్బాలు విప్పారు. "బటన్ల ఫోను నంబరు మెసేజి పెట్టాను కదే" అంది అక్క.

"మెసేజిలో ఏం చెప్పుకుంటాం? వచ్చా, తిన్నా, వెళ్తున్నా. నేనేమన్నా రైలునా, టైము చెప్పి పోవడానికి?" చెల్లెలు ముద్ద పక్కనపెట్టి చేతులు తుడుచుకుంది. తడి చేతులతో మాట్లాడటం ఆ అమ్మాయికి ఇష్టముండదు. "మొన్న నీకు ఫోన్ చేసింది ఎందుకో తెలుసా? మా ఓనరు నన్ను వెనక అద్దాలు అరగదీసే గదిలోంచి ముందు కౌంటరుకు రమ్మన్నాడు. వచ్చినవాళ్ల ముఖాలకు ఫ్రేములు కొలిచి సరిచేయాలి. సాయంత్రానికి చెప్పమన్నాడు. నువ్వు దొరకలేదు."

"ఏం చెప్పావు?"

"సరే అన్నా."

"నన్నడక్కుండానే?"

"నువ్వు గుంతలో పడ్డావు కదా, ఎట్లా అడగను?" చెల్లెలు నవ్వింది. తర్వాత ఆమె చేతులు కాస్త నెమ్మదించాయి. "భయాన్ని నేనే మింగానక్కా. సంతోషాన్ని మాత్రం ఒక్కదాన్నే మింగలేకపోయా. మూడు రోజులు గొంతులోనే ఉండిపోయింది."

లిఫ్టక్క చెల్లెలి తలను తన భుజానికి ఆనించుకుని కాసేపట్లాగే కూర్చుంది. బటన్ల ఫోను మీది మనసు అక్కడితో తీరిపోయింది.

మొదట రెండు ఫోన్ల పద్ధతి పెట్టి చూసింది. పనికి బటన్లది, ఇంటికి భర్త తెరఫోను. రెండు రోజులు కూడా సాగలేదు. తెరఫోను సంచిలో పెట్టి మెషిను గదిలో వదిలేస్తే, చెల్లెలి కాల్ వచ్చింది తెలియదు. వెంట పెట్టుకుంటే ఒంటి మీద జారిపడే వస్తువు ఇంకొకటి పెరుగుతుంది. పైగా స్కూలు పిల్లల తల్లిదండ్రులు బస్సు ఎక్కడిదాకా వచ్చిందని అడుగుతూ ఆమెకే ఫోన్లు చేశారు. "లిఫ్టులో ఉన్నాను" అని ఆమె చెబితే, "బస్సు లిఫ్టెక్కిందా?" అని అవతల ఒక తల్లి కంగారుపడింది. రెండు పడవల ప్రయాణం మనకొద్దు, రెండు పనులూ చేసే ఫోను ఒక్కటే వెతుకుదాం అనుకుంది లిఫ్టక్క.

కొత్త ఫోను కొంటున్నారన్న వార్త తెలిసి మరిది ఆదివారం పొద్దున్నే దిగాడు. బ్యాంకులో కౌంటరు ఉద్యోగం. ఏ వస్తువు కొనాలన్నా ముందు అన్ని వీడియోలూ చూసేస్తాడు. "వదినా, ఇరవై ఏడు వీడియోలు చూశాను. మీరేం ఆలోచించకండి. ఈ నెల్లో వచ్చిందొకటి ఉంది. వెనక నాలుగు కెమెరాలు. చందమామ మీద గుంటలు కూడా కనబడతాయి."

"నేను చూడాల్సింది లిఫ్టు గుంటయ్యా. చందమామ మీద మనకు సర్వీసు కాంట్రాక్టు లేదు."

"అలా కాదు వదినా. ఒకసారి కొంటే ఐదేళ్లు వాడాలి. పైన మంచి కంపెనీ పేరుండాలి."

"ఏమండీ, మీరేమంటారు?" అని భర్తనడిగింది.

ఆయన బూట్లు తుడుచుకుంటూ తలెత్తకుండానే, "నా బస్సు సీటు నా నడుముకు తగ్గట్టు నేనే జరుపుకుంటాను. నీ ఫోను నువ్వే చూసుకో" అన్నాడు.

ఆ మాట ఆమెకు నచ్చింది. బరువు పెట్టి చూడకుండా తను ఏ లిఫ్టునూ అప్పగించదు. ఖాళీ పెట్టె పైకీ కిందికీ ఎంత నునుపుగా తిరిగినా నమ్మదు. ఇసుక మూటలు వేసి, మధ్యలో ఆపి, బ్రేకు పట్టిందో లేదో చూశాకే సంతకం పెడుతుంది. ఫోనుకు మాత్రం వేరే న్యాయమెందుకు? సంచిలో పని తొడుగులు, తలదీపం, ఒక చిన్న తాడు వేసుకుంది. చెల్లెల్ని రమ్మని కబురు పెట్టింది. మరిది పిలవకుండానే బయల్దేరాడు.

దుకాణం చల్లగా, అద్దాలతో మెరిసిపోతోంది. కౌంటరు దగ్గర ముప్పై ఏళ్ల అమ్మాయి చక్కగా నవ్వి, "ఏ రేంజ్‌లో చూపించమంటారు మేడమ్?" అంది.

"ఏడంతస్తుల రేంజ్‌లో."

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. లిఫ్టక్క తన పనేమిటో, చెల్లెలితో తను ఎలా మాట్లాడుతుందో రెండు ముక్కల్లో చెప్పింది. కౌంటరమ్మాయి అలవాటుగా చెప్పే మాటలు పక్కనపెట్టి, "అయితే మీరే చెప్పండి, ఏమేం చూద్దాం?" అని అడిగింది. అప్పుడే ఆ అమ్మాయి పనితనం మీద లిఫ్టక్కకు నమ్మకం కుదిరింది.

ముందు తొడుగులు తీసింది. దూరం నుంచి మేనేజరు గబగబా వచ్చాడు. "ఆ తొడుగులతో మా డెమో పీసులు ముట్టుకోవద్దండీ. మరకలవుతాయి."

"ఉతికి తెచ్చానండీ, చూడండి. రేపు పనిలో నేను పట్టుకునేది వీటితోనే. ఉత్త చేతులతో చూసి కొంటే, ఉత్త చేతులున్నప్పుడే పనికొస్తుంది." గొంతు పెంచకుండా, తొడుగులు ఆయన ముక్కు దగ్గరికి చాపింది. సబ్బు వాసన వచ్చింది. ఆయన తలూపి పక్కకు తప్పుకున్నాడు గానీ, చేతులు కట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

బల్ల మీద ఆరు ఫోన్లు పేర్చారు. తొడుగు వేలికి నాలుగు ఉలకలేదు, పలకలేదు. ఒకటి సెట్టింగు మార్చాక పలికింది గానీ, దానికి తాడు కన్నం లేదు. ఇంకొకటి మార్చకుండానే పలికింది. మరిది వీడియోల్లో చూసిన ఫోను తొడుగుకు లొంగలేదు. కానీ దాన్ని చేతిలోకి తీసుకున్న చెల్లెలి కళ్లు మెరిశాయి. సన్నగా, గాజు గులకరాయిలా ఉంది.

"ఇది తీసుకో అక్కా. జీవితంలో ఒక్కసారైనా అందమైన వస్తువు కొనుక్కో" అని చెల్లెలు సైగ చేసింది.

"ముందు నీతో మాట్లాడనీ" అంది అక్క.

చీకట్లో చూడాలి కాబట్టి కౌంటరమ్మాయి వాళ్లను వెనక సామాన్ల గదికి తీసుకెళ్లింది. లిఫ్టక్క అక్కడే ఉండి గది దీపం ఆర్పేసింది. చెల్లెలు తన ఫోనుతో దుకాణం ముందు భాగంలోకి వెళ్లింది. కౌంటరమ్మాయి తన సొంత సిమ్మునే ఫోను ఫోనుకూ మార్చి కాల్స్ కలిపింది.

గాజు గులకరాయి చీకట్లో కూడా ముఖాన్ని దీపంలా చూపించింది. మరిది గర్వంగా గడ్డం నిమురుకున్నాడు. అయితే రెండు నిమిషాలు కాకముందే చెల్లెలు నడిచి వచ్చేసింది, ముఖం చిట్లించుకుని.

"అక్కా, నీ చేతులు తినేస్తోందిది."

నిజమే. ఆ ఫోను ముఖం ఒక్కదాన్నే మనిషనుకుని, వెనకున్నదంతా పొగమంచులా మసక చేస్తోంది. చేతులు ముఖానికి కాస్త దూరం జరిగితే చాలు, వేళ్లు కరిగిపోతున్నాయి. పైగా చర్మాన్ని నున్నగా చేసే పనితనమొకటి ఉంది. అది ముఖం మీది గీతలన్నీ తుడిచేస్తోంది. ఇద్దరి మధ్యా కనుబొమ్మలే సగం భాష. 'భోజనం అయింది' అన్నదానికీ 'భోజనం అయిందా' అన్నదానికీ చేతుల సైగ ఒకటే. బొమ్మలు పైకి లేస్తే ప్రశ్న, లేవకపోతే జవాబు.

"నిన్ను పెళ్లికూతుర్ని చేసింది గానీ, నువ్వు అడుగుతున్నావో చెబుతున్నావో తెలియట్లేదు" అంది చెల్లెలు.

అక్క ఆ మాటలు నోటితో చెప్పగానే కౌంటరమ్మాయి గబుక్కున ఫోను అందుకుంది. "సారీ మేడమ్, ఇవి ఆపేయొచ్చు. ఎవరూ అడగలేదు కాబట్టి నేనెప్పుడూ ఆపి చూడలేదు." రెండు సెట్టింగులూ ఆపింది. మళ్లీ కలిపితే వేళ్లు వేళ్లలా, బొమ్మలు బొమ్మల్లా కనబడ్డాయి. చీకట్లో కూడా స్పష్టంగా.

తర్వాత తొడుగుకు వెంటనే పలికిన ఫోను. కౌంటరమ్మాయి అడుగు అరలోంచి తీసి బల్ల మీద పెట్టినదది. నిరుటి మోడలు, మందంగా, అంచుల్లో రబ్బరు, కింది మూలన తాడు కన్నం. దాని తెర బల్లపరుపు. మోత గదంతా దద్దరిల్లేలా ఉంది. కానీ చీకట్లో ముందు కెమెరా గుడ్డిగా చూపించింది. చేతులు కదిలితే వెనక తోకలు వచ్చాయి.

చిక్కంతా ఇక్కడొచ్చింది. ఒకటి చెల్లెలికి మంచిది, ఒకటి పనికి మంచిది. మిగతా నాలుగూ రెంటికీ చెడినవి.

"చూశారా వదినా, డబ్బు పెట్టినదానికీ పెట్టనిదానికీ తేడా. ఆ ఇటుక ఎందుకు?" అన్నాడు మరిది.

లిఫ్టక్క చెల్లెలి వైపు తిరిగింది. "నీ మాట కనబడేది ఆ సన్నదాన్లో. అదే తీసుకుంటా. తొడుగు విప్పి ఎత్తుతాలే."

చెల్లెలు ఆమె రెండు చేతులూ పట్టుకుని ఆపింది. అలా చేతులు పట్టుకోవడమంటే వాళ్ల భాషలో నోరు మూయడమే. తర్వాత వదిలి, ఒక్కో సైగా నొక్కి నొక్కి చెప్పింది. "నువ్వు పద్దెనిమిదేళ్లుగా అన్నీ నాకోసం చూసే కొన్నావు. నా మాట ఒక రోజు కనబడకపోతే అలుగుతా. అలక తీరుతుంది. పెట్టె మీద నిలబడి తొడుగు విప్పుకుంటూ నువ్వు పడితే? నేను ఎవరి మీద అలగాలి?"

కౌంటరమ్మాయికి సైగలు రావు. అయినా మాట ఏమిటో తెలిసినట్టు చూపు దించుకుంది.

లిఫ్టక్క సామాన్ల గది గుమ్మంలో నిలబడి, రెండు ఫోన్లూ చెరో చేతిలో పెట్టుకుని కాసేపు ఆలోచించింది. పాత లిఫ్టు చూడటానికి వెళ్లినప్పుడు ఆమె మొదట వేసుకునే ప్రశ్న ఒకటుంది. దీన్లో ఉన్న లోపం నేను బయటి నుంచి సరిచేయగలిగేదా, కాదా? వెలుతురు చాలని పెట్టెకు దీపం పెట్టొచ్చు. పట్టులేని బ్రేకుకు బయటి నుంచి ఏం పెట్టినా లాభం లేదు.

ఆమె సంచిలోంచి తలదీపం తీసింది.

"ఇంకోసారి కలపమ్మా."

చెల్లెలు మళ్లీ దుకాణం ముందు భాగంలోకి వెళ్లాక గది దీపం ఆర్పి, మందపాటి ఫోనును సామాన్ల అర ఇనప బద్దకు ఆనించి నిలబెట్టింది. దీపాన్ని తన ముఖం మీదికి వేసుకుంటే కళ్లు చెదిరాయి, తెర మీద ముఖం సున్నంలా తెల్లబోయింది. దీపాన్ని అటు తిప్పి ఎదురుగా ఉన్న తెల్ల అట్టపెట్టెల మీదికి వేసింది. వెలుతురు పెట్టెల మీద పడి మెత్తగా వెనక్కి వచ్చి ఆమె ముఖమంతా, చేతులంతా పరుచుకుంది. తెరలో చెల్లెలు ముందుకు వంగి చూసింది. కనుబొమ్మలు రెండూ పైకి లేపి, "బాగా కనబడుతున్నావు. ఏం చేశావు?" అని అడిగింది. తోకలు లేవు, మసక లేదు.

"మెషిను గది గోడలన్నిటికీ తెల్ల సున్నమే" అంది లిఫ్టక్క బయటికొచ్చి, మరిదితో. "కెమెరాకు చాలని వెలుతురు నేను తెచ్చుకోగలనయ్యా. పట్టులేని ఫోనుకు పట్టు నేనెక్కణ్ణుంచి తేను? ఇది తీసుకుంటున్నా."

"ఇటుకే?"

"ఇటుకే. ఇళ్లు కట్టేది దాంతోనే."

రెండు చేతులూ ఖాళీగా ఉండాలంటే ఫోనును దేనికైనా అతికించాలి కదా అని కౌంటరమ్మాయికి తట్టింది. కార్లలో పెట్టుకునే అయస్కాంతం బిళ్ల ఒకటి తెచ్చి ఫోను వెనక అంటించి, అర ఇనప బద్దకు తగిలించి చూపించింది. టక్కున పట్టుకుంది. లిఫ్టక్క దాన్ని పీకి, మళ్లీ తగిలించి, బరువు వేలాడదీసి మరీ చూసింది. అంతసేపూ చేతులు కట్టుకుని నిలబడ్డ మేనేజరు అప్పుడు నోరు విప్పాడు. "అమ్మా, ఆ మసక ఆపే సెట్టింగు ఎక్కడుందో మా వాళ్లందరికీ ఒకసారి చూపించమని ఈ అమ్మాయితో చెప్తాను. ఇంకెవరైనా మీలాంటివాళ్లు రావచ్చు." ఆయన గొంతులో చిరాకు లేదు.

కొన్న మరుసటి రోజే పనిలో పెట్టింది. తనకు తను ఒక నియమం పెట్టుకుంది. లిఫ్టు తిరిగే షాఫ్టులో ఉన్నప్పుడు చెల్లెలు పిలిస్తే తొడుగు వేలితో ఎత్తి, అరచెయ్యి చూపించి 'ఆగు' అని చెప్పడం, అంతే. కబుర్లన్నీ మెషిను గదికి వచ్చాకే. మొదటి వారంలోనే ఫోను రెండుసార్లు జారింది. రెండుసార్లూ నడుము దగ్గర తాడుకు వేలాడి, మళ్లీ చేతికొచ్చింది. మధ్యాహ్నం మెషిను గదిలో కంట్రోలు పెట్టె తలుపుకు ఫోను అంటించి, గోడ మీదికి దీపం వేసి, రెండు చేతులా మాట్లాడేది. చెల్లెలు కౌంటరు కబుర్లు చెప్పేది. కళ్లజోడు తలకిందులుగా పెట్టుకుని ఏమీ కనబడట్లేదని పోట్లాడిన పెద్దమనిషి గురించి చెప్పినప్పుడు, పక్కనే తింటున్న తోటి మెకానిక్కు ఒక్క సైగా తెలియకపోయినా చూస్తూ కడుపుబ్బ నవ్వాడు.

నెల తిరిగాక సూపర్‌వైజరు ఆమెను పిలిచాడు. "మన మెకానిక్కులు పదకొండు మందికీ కంపెనీ ఫోన్లు ఇద్దామంటోంది. ఏది మంచిదో నీకు తెలుసంటున్నారు. నీలాంటిదే అందరికీ తెప్పించనా?"

"వద్దు సార్."

"అదేంటి? అది బాలేదా?"

"నాకు బ్రహ్మాండంగా ఉంది. వాళ్లకెలా ఉంటుందో వాళ్లని అడక్కుండా ఎలా చెప్పను? తాడు కన్నం, తొడుగుకు పలకడం, గట్టి మోత — ఈ మూడూ అందరికీ కావాలి. మిగతాది ఎవరిది వాళ్లకే. ఒక్క రోజు టైమివ్వండి, అడిగి చెప్తా."

"పదకొండు రకాల ఫోన్లు తెప్పించమంటావా?"

"మూడు రకాలు సరిపోతాయనుకుంటున్నా. కానీ ఆ మూడూ ఏవో మీరూ నేనూ కుర్చీలో కూర్చుని తేల్చకూడదు."

సూపర్‌వైజరు కలం బల్ల మీద పెట్టి, "కానీయ్" అన్నాడు.

మర్నాడు భోజనాల వేళ అందర్నీ మెషిను గదిలో చుట్టూ కూర్చోబెట్టింది. ఏ ఫోను కావాలని ఎవర్నీ అడగలేదు. పొద్దున లేచిన దగ్గర్నుంచీ చేతులు ఏం చేస్తాయని, ఇంట్లో ఎవరితో, ఎలా మాట్లాడతారని అడిగింది. ఒకతను పాత లిఫ్టుల పలకల మీద అరిగిపోయిన అంకెల్ని ఫొటోలు తీసి ఆఫీసుకు పంపుతాడు. అతనికి దగ్గరి నుంచి తీసే కెమెరా మంచిది కావాలి. ఒకతనికి చూపు మందగించింది గానీ ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. పెద్ద అక్షరాలు కావాలని గొణిగాడు. అతన్ని చెల్లెలి కౌంటరుకు కూడా పంపిస్తానంది లిఫ్టక్క. ఇంకొకతని భార్యకు చదువు రాదు, అన్నీ గొంతు రికార్డు చేసి పంపుతుంది. అతనికి హోరులో కూడా మాట తేటగా వినిపించేది కావాలి.

అందరూ అయ్యాక తోటి మెకానిక్కు మిగిలాడు. గోడకు చేరగిలి, తన వంతు రాకూడదన్నట్టు డబ్బా మూతతో ఆడుకుంటున్నాడు.

"నీ సంగతేంటి?"

"నాకెవరున్నారమ్మా మాట్లాడటానికి? ఏదో ఒకటి ఇచ్చెయ్యమను."

"ఏదో ఒకటి అనే ఫోను ఏ దుకాణంలోనూ లేదు. ఇంటికెళ్లి ఏం చేస్తావు?"

ఆయన డబ్బా మూత పక్కనపెట్టాడు. "పాటలు వింటా. పాతవి. పక్కింటివాళ్లు కూడా కిటికీ తీసి పెట్టుకుంటారు, వినడానికి. ఆపితే ఎందుకాపావని అడుగుతారు."

"మరి ఎవరూ లేరంటావే?" అంటూ లిఫ్టక్క కాయితం మీద ఆయన పేరుకెదురుగా 'మంచి స్పీకరు' అని రాసి, కింద గీత గీసింది.